తెరిచే ఉన్న తలుపు ముందు నలుగురం

మా కాలేజీలో ఆడపిల్లలు తమంతట తాము క్లాసులోకి వెళ్ళేవాళ్ళు కాదు. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి "నిజంగానా?" అంటారు. నిజంగానే. గంట కొట్టేదాకా ఆఫీసు పక్కనున్న చిన్న గదిలో కూర్చునేవాళ్ళం. లెక్చరరు రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చి ఆ గది ముందు ఒక్క క్షణం ఆగేవారు. పిలవరు, మా వైపు చూడరు, గొంతు మాత్రం సవరించుకుంటారు. మేము లేచి ఆయన వెనకాలే వరసగా నడిచి క్లాసులోకి పోయి, కిటికీ పక్కన మా కోసం వేసిన బెంచీ మీద కూర్చునేవాళ్ళం. పాఠం అయిపోయాక మళ్ళీ ఆయన వెనకాలే బయటికి. ఇలా నడవాలని ఏ నోటీసులోనూ రాసి లేదు. రాసి లేదు కాబట్టే దాన్ని మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

తిరుపతిలో ఆ కాలేజీ అప్పటికి కొత్తది. స్వాతంత్య్రం వచ్చిన మరుసటేడు సంగతి ఇది. గోడలకు సున్నం వాసన ఇంకా పోలేదు. మా బి.ఏ. క్లాసులో మగపిల్లలు నలభై మందికి పైనే, ఆడపిల్లలం నలుగురం. మేమేమో ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. రేణిగుంట అమ్మాయి రైల్వే గార్డు కూతురు, మాలో అందరికన్నా చిన్నది, ఎవరైనా గట్టిగా మాట్లాడితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. తిరుపతి అమ్మాయి వాళ్ళది బట్టల అంగడి. నవ్వు మొదలైతే ఆపుకోలేకపోయేది. చంద్రగిరి అమ్మాయిది అసలు చంద్రగిరి కాదు, దానికి కోసెడు దూరంలోని పల్లె. రోజూ రైల్లో వచ్చి పోయేది. నాలుగోదాన్ని నేను, చిత్తూరు అమ్మాయిని. తిరుపతిలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని.

మొదటి ఏడాదిలోనే ప్రిన్సిపాలుగారు మమ్మల్ని పిలిచి, మీలో ఒకరు బాధ్యురాలిగా ఉండండమ్మా, ఏదన్నా కావాలంటే ఆ అమ్మాయే వచ్చి చెప్పాలి అన్నారు. మిగతా ముగ్గురూ నేల చూస్తున్నారు. నేను మాత్రం ఆయన మాట పూర్తి కాకముందే "నేనుంటాను సార్" అన్నాను. నాకప్పుడు నాయకత్వమంటే అందరికంటే ముందు నోరు విప్పడమే.

అందులో నా తప్పు సగమే. మా నాయన చిత్తూరులో వకీలు గుమాస్తా. మా ఇంట్లో అన్నం కంటే అర్జీలు ఎక్కువ ఉడికేవి. పొరుగింటి మేక మా పెరట్లోకి వచ్చినా నాయన ముందు కాగితం తీసేవాడు. ఆయన దగ్గర పెరిగినదాన్ని, పదవి రాగానే నేనూ కాగితం తీశాను. గదిలో కూజా పగిలిందని ఒక అర్జీ. కిటికీకి తెర కావాలని ఒకటి. ఇంకో బెంచీ కావాలని ఒకటి. మూడూ మంజూరైనాయి. ఆ తెర కింద కూర్చుని నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. దేశం తర్వాత స్వాతంత్య్రం వచ్చింది మా గదికేననీ, తెచ్చింది నేనేననీ అనుకునేదాన్ని.

చంద్రగిరి అమ్మాయి మాత్రం నా అర్జీల మీద సంతకం పెట్టి, కలం తుడిచి నా చేతికిచ్చేది. మెచ్చుకునేది కాదు, కాదనేది కాదు. పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉండేది. అరచేతులు మాత్రం మాలో ఎవరివీ అలా ఉండవు, కాయలు కాచి ఉండేవి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో రాగిసంగటి, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి తెచ్చి, మూత మీద మా ముగ్గురికీ తలా ఒక ముద్ద పెట్టిన తర్వాతే తను తినేది. నా కంటే ఒక ఏడాది చిన్నది కాబట్టి నన్ను అక్కా అనేది.

ఆమెకు ఇంగ్లీషు సరిగ్గా వచ్చేది కాదు. చదివితే అర్థమయ్యేది, రాస్తే మార్కులొచ్చేవి, నోటితో మాట్లాడాలంటే మాత్రం తడబాటు. చేరిన కొత్తలో ఒక రోజు లెక్చరరు ఆమెను లేపి ఒక పేరా చదవమన్నారు. ఆమె చదివింది. వెనక బెంచీలోంచి ఎవరో అచ్చం ఆమె లాగే దీర్ఘాలు తీసి చదివారు. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు సాయంత్రం మా గదిలో ఆమె మొహం గోడ వైపు తిప్పుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత క్లాసులో ఆమె నోరు విప్పగా మేము చూడలేదు.

ఆమె చదువుకు ఒక షరతుండేది. వాళ్ళింట్లో మాట చెల్లేది నాయనది కాదు, తాతది కాదు, అవ్వది. ఆ అవ్వే ఆమెను కాలేజీకి పంపింది. పంపుతూ, "నీ గురించి ఒక్క మాట ఊళ్ళో నా చెవిన పడిందంటే పుస్తకాలు అటక మీద పెట్టేయాల" అని చెప్పిందట. చంద్రగిరి అమ్మాయి ఇది మాకు చాలా మామూలుగా చెప్పింది. మేము విని భయపడ్డాం.

రెండో ఏడాది వానాకాలంలో మా చరిత్ర లెక్చరరుగారికి ఉబ్బసం ఎక్కువైంది. పెద్దాయన. ఒక వారం వస్తే రెండు వారాలు రారు. ఆయన బదులు పాఠం చెప్పడానికి ఒక ట్యూటరును వేశారు. అప్పుడే మద్రాసులో చదువు పూర్తి చేసుకుని వచ్చిన కుర్రాడు, ఇరవై మూడేళ్ళుంటాయేమో. పెళ్ళి కాలేదు. చక్కగా పాఠం చెబుతాడని పేరొచ్చింది. అయితే ఆయనకు మా గది ముందు నిలబడి గొంతు సవరించుకోవడానికి సిగ్గు. ఆ సిగ్గుతో వెనక వరండా చుట్టూ తిరిగి నేరుగా క్లాసులోకి పోయాడు.

మొదటి రోజు మేము గదిలో కూర్చునే ఉన్నాం. గోడ అవతల పాఠం వినిపిస్తోంది. రేణిగుంట అమ్మాయి నా వైపు చూసింది, తిరుపతి అమ్మాయి నా వైపు చూసింది. చంద్రగిరి అమ్మాయి లేచి నిలబడింది.

"పోదాం రా అక్కా. తలుపు తెరిచే ఉండాది కదా."

"ఎట్ల పోతాం? ఆయన పిలవలేదు కదా" అన్నాను.

"పెద్ద సారు మాత్రం పిలిచినాడా ఏ పొద్దన్నా? దగ్గినాడు, పోయినాము. ఈయనకు దగ్గు రాలేదు."

తిరుపతి అమ్మాయి కిసుక్కున నవ్వింది. నాకు కోపమొచ్చింది. పిలవకుండా పోతే మన మర్యాదేం కాను, వచ్చి పిలిచేదాకా మనం కదిలేది లేదు, ఇది అందరి తరఫునా నేను తీసుకున్న నిర్ణయం అని చెప్పాను. అచ్చంగా ఆ మాటలే అన్నాను, నిర్ణయం అని. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి కూర్చుంది. మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. పెద్దాయన వచ్చిన రోజు ఆయన వెనక పోయేవాళ్ళం, ట్యూటరు వచ్చిన రోజు గోడ అవతలి పాఠం చెవులు రిక్కించి వింటూ నోట్సు రాసుకునేవాళ్ళం. పక్క గదిలో ఉండి క్లాసుకు పోని విద్యార్థులు మేమే అయుంటాం ఈ లోకంలో. ఆయన వచ్చి పిలుస్తాడని నేను, మేమే వస్తామని ఆయన, ఇద్దరం పంతంగా ఎదురుచూశాం. ఆయనది పంతం కూడా కాదు పాపం, వట్టి మొహమాటం.

జనవరిలో బోర్డు మీద హాజరు చాలని వాళ్ళ జాబితా అంటించారు. చరిత్ర కింద నాలుగు పేర్లున్నాయి. నాలుగూ మావే.

హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఒక ఏడాది పోతుంది. నాకు పోతే నాయన నాలుగు కేకలేసి మళ్ళీ చదివిస్తాడు. చంద్రగిరి అమ్మాయి సంగతి అలా కాదు. ఎందుకు తప్పిందని ఊరు అడుగుతుంది, ఊరు అడిగితే అవ్వ వింటుంది, పుస్తకాలు అటకెక్కుతాయి. మా ముగ్గురికీ పోయేది ఒక ఏడాది, ఆమెకు పోయేది మొత్తం చదువు. పోగొట్టింది నా నిర్ణయం.

ఆఫీసులో గుమాస్తాను అడిగితే, ఇంక మిగిలిన క్లాసులన్నీ ఒక్కటి కూడా తప్పకుండా హాజరైతే అందరికీ అంచుకు అంచు సరిపోతుందన్నాడు. పెద్దాయన ఈ ఏడాదికి ఇంక రారనీ, మిగిలినవన్నీ ట్యూటరే చెబుతారనీ కూడా చెప్పాడు.

నేను గదిలోకి వచ్చి కాగితం తీశాను. ట్యూటరు మమ్మల్ని పిలవకుండా పాఠాలు చెప్పి మా భవిష్యత్తును నాశనం చేశాడని, ఆయన మీద చర్య తీసుకుని మాకు హాజరు ఇప్పించాలని ప్రిన్సిపాలుగారికి రెండు పేజీల అర్జీ రాశాను. చాలా బాగా వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ఆ పూట మాత్రం మా నాయన చూస్తే గర్వపడతాడనుకున్నాను.

చంద్రగిరి అమ్మాయి మొదటిసారి సంతకం పెట్టలేదు.

"ఇది ఇస్తే ఆయన ఉద్యోగం పోతాది అక్కా. పోయి మనకేమొస్తాది? రేపు పొద్దున క్లాసు ఎవురు చెప్తారు?"

"మరి ఏం చేద్దామంటావు?"

"క్లాసుకు పోదాం."

"మనంతట మనమే?"

"మనంతట మనమే."

"ఎవరైనా ఏమైనా అంటే? మీ ఊళ్ళో తెలిస్తే?"

ఆమె డబ్బా మూత తిప్పడం మొదలుపెట్టింది. ఆమెకు భయం లేదని అనుకోవద్దు. ఆ మూత తిప్పుతున్న వేళ్ళు నేను చూశాను. "ఎవురో పోయి చెప్పే లోపల నేనే చెప్తా అవ్వకి. ఆదివారం నువ్వు గూడా రా అక్కా, తోడుగా" అంది.

ఆదివారం రైలు దిగి పొలం గట్ల మీద నడిచి వాళ్ళ పల్లెకు పోయేటప్పటికి పొద్దెక్కింది. ఇంట్లో ఎవరూ లేరు. బావి కింద శెనక్కాయ చేలో కలుపు తీస్తున్నారు. పది పన్నెండు మంది ఆడవాళ్ళు చేనుకు అడ్డంగా వరసగా వంగి, చేతిలో చిన్న కొడవళ్ళతో ఒక్కలాగే ముందుకు కదులుతున్నారు. ఆ వరసను వాళ్ళు మునుం అంటారు. అందరికీ ముందుగా, చేని అంచున, తెల్లటి తలతో ఒక ముసలామె. ఆమే అవ్వ.

చంద్రగిరి అమ్మాయి చెప్పులు గట్టున వదిలి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, పోయి అవ్వ పక్కన వంగింది. అవ్వ నడుం ఎత్తి, చోటు మారి, మునుం అంచు మనవరాలికి వదిలింది. అంటే ముందు నడవమని. నేను గట్టు మీద నిలబడితే బాగుండదని పోయి ఆమె పక్క సాలులో వంగాను. నాలుగు బారలు పోయేసరికే వెనకబడ్డాను. నడుం పట్టేసింది, గడ్డి ఏదో శెనక్కాయ మొక్క ఏదో తెలియలేదు. ఆశ్చర్యమేమిటంటే నేను ఎంత వెనకబడినా ఆమె నాకు దూరం కాలేదు. తల తిప్పకుండానే ఎడమ చేత్తో నా సాలులోని కలుపు కూడా లాగేస్తోంది. తను పోగలిగినంత వేగంగా పోవడం లేదు. వరస చివరనున్న ఇంకో ముసలామెను ఓరగా చూసుకుంటూ, ఆమె ఎంత పోగలదో అంతే పోతోంది. ఆ వరసలో వాళ్ళంతా ఈ పిల్ల పోయినట్టు పోతున్నారు, ఈ పిల్లేమో చివరి మనిషి పోయినట్టు పోతోంది. క్లాసులో నోరు విప్పని అమ్మాయి ఇక్కడ ఒక్క మాటన్నా అనకుండా పన్నెండు మందిని నడిపిస్తోంది. నాకు ఆ క్షణంలో ఆమె మీద ఎంత గౌరవం కలిగిందో, నా మూడు అర్జీల మీద అంత సిగ్గు కలిగింది.

చేని చివర గట్టెక్కి నీళ్ళు తాగేటప్పుడు ఆమె అవ్వకు జరిగింది చెప్పింది. మేం పోలేదు అంది, మాకు హాజరు లేదు అంది, రేపటి నుంచి మా అంతట మేమే పోతాము అంది. ఎవరు ఆపారో చెప్పలేదు. అవ్వ అంతా విని చెంబు కింద పెట్టింది.

"తలుపు తెరిచి ఉంటే పోవద్దని చెప్పింది ఎవురు?"

చంద్రగిరి అమ్మాయి నేల చూసింది. "నేనే అవ్వా" అన్నాను.

"నువ్వేనా వీళ్ళకు పెద్ద?"

"అవును."

ఆమె నన్ను తల నుంచి కాలి దాకా చూసింది. తిడుతుందనుకున్నాను. "ఒప్పుకుంటివి కదా. ఇంగ పోనీలే" అని మనవరాలి వైపు తిరిగింది. "ఊళ్ళో వాళ్ళు వచ్చి నాకు చెప్పక ముందే నువ్వే వచ్చి చెప్తివి. ఇంగ వాళ్ళ దగ్గర నేను యినేదేముండాది? పో. కానీ యినుకో, నాలుగు అడుగులు పోయి నువ్వొక్కదానివే లోపల కూసుంటే అది పోయినట్టు కాదు. ఎనక్కి సూసుకుంటా పోవాల."

సోమవారం గంట కొట్టింది. వెనక వరండాలో ట్యూటరు బూట్ల చప్పుడు వినిపించింది, గోడ అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. నేను గది గుమ్మం దగ్గరికి వచ్చాను. నేనే కదా ముందు నడవాల్సింది. గుమ్మం దాకా వచ్చాను గానీ, అక్కడి నుంచి నా కాళ్ళు రాలేదు. అర్జీలో ఎంత పెద్ద మాటైనా రాసే చెయ్యి తలుపు చెక్క పట్టుకుని వదలడం లేదు.

చంద్రగిరి అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. వెక్కిరించలేదు. రేణిగుంట అమ్మాయి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది, అందరికన్నా ఎక్కువ భయపడేది ఆ పిల్లే. తిరుపతి అమ్మాయిని వాళ్ళ వెనక నిలబెట్టింది.

"నువ్వు చివర రా అక్కా. ఎవురన్నా ఎనక్కి తిరిగితే నువ్వు కనపడాల వాళ్ళకు" అంది.

చివర రమ్మంటే ఒక్క నిమిషం నాకు చురుక్కుమంది. అబద్ధమెందుకు. కానీ వాళ్ళ వెనక నడవడం మొదలుపెట్టాక నా కాళ్ళు కదిలాయి. తిరుపతి అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగింది, రెండుసార్లూ నన్ను చూసి మళ్ళీ ముందుకు తిరిగింది. అప్పుడు అర్థమైంది, చివరి చోటు తక్కువ చోటు కాదని.

క్లాసు తలుపు తెరిచే ఉంది. మేము లోపలికి అడుగు పెట్టేసరికి ట్యూటరు చెబుతున్న మాట సగంలో ఆగిపోయింది. ఆయన చేతిలో సుద్దముక్క కింద పడింది. వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఈ పొద్దు ఎవురు తోలుకొచ్చినారబ్బా వీళ్ళను?"

చంద్రగిరి అమ్మాయి ఆగలేదు, అటు చూడలేదు. బెంచీ వైపు నడుస్తూనే, "దావ తెలిసే వచ్చినామప్పా" అంది.

ఈసారీ క్లాసు గొల్లుమంది, అయితే నవ్వింది ఆ అబ్బాయిని చూసి. ట్యూటరు కూడా నవ్వాపుకోవడానికి బోర్డు వైపు తిరిగాడు. గంట చివర హాజరు పిలిచేటప్పుడు మా నంబర్లు వచ్చేసరికి ఆయన తలెత్తి, "మీరు రారేమో అనుకున్నాను" అన్నాడు ఇంగ్లీషులో, తప్పు చేసినవాడి లాగా. ఆయన మీద రెండు పేజీలు రాసినదాన్ని, నాకు తలెత్తి చూడ్డానికి మొహం చెల్లలేదు. ఆ కాగితం ఆ సాయంత్రం చిన్నమ్మ పొయ్యిలో పెట్టాను.

ఆ రోజు నుంచి ప్రతి చరిత్ర క్లాసుకూ అలాగే పోయాం. ముందు ఆమె, పక్కన రేణిగుంట అమ్మాయి, తర్వాత తిరుపతి అమ్మాయి, చివర నేను. వారం తిరిగేసరికి మిగతా లెక్చరర్లు కూడా మా గది ముందు ఆగడం మానేశారు. పల్లెలో ఎవరో పోయి అవ్వకు చెప్పనే చెప్పారట. "తెలుసులే, నా మనవరాలే చెప్పింది" అందట ఆమె. చెప్పడానికి వచ్చినవాళ్ళకు ఇంక మాట్లాడ్డానికి ఏమీ మిగల్లేదు.

ఇంత జరిగాక కూడా తప్పు చేసింది నేనే. ఇంకొక్క వారమే క్లాసులుంటాయనగా, చిత్తూరులో మా అక్క కొడుక్కి పేరు పెడుతున్నారని శనివారం బయలుదేరాను.

"సోమవారం మొదటి పీరియడే అక్కా. ఆదివారమే వచ్చేయి" అంది చంద్రగిరి అమ్మాయి.

నాకు తెలియదా అన్నాను. ఆదివారం అక్క ఒక పూట ఉండమంది, ఉన్నాను. సోమవారం తెల్లవారుజాము రైలు తప్పింది, బస్సెక్కాను. ఆ రోజుల్లో పెట్రోలు కరువు, బస్సులు బొగ్గుతో నడిచేవి. దారిలో ఎత్తు వచ్చిన ప్రతిచోటా అది ఆగేది, డ్రైవరు దిగి వెనకనున్న పొయ్యిని ఎగదోసేవాడు, మేము దిగి నెట్టేవాళ్ళం. నెట్టినంతసేపూ నా కళ్ళకు చరిత్ర రిజిస్టరే కనబడింది. ఆ ఒక్క క్లాసు పోతే నా ఏడాది పోయినట్టే.

తిరుపతిలో జట్కా ఎక్కి కాలేజీ గేటు దగ్గర దిగేసరికి పీరియడు చివరికి వచ్చింది. వరండాలో పరుగెత్తాను. మా గది ఖాళీ. వాళ్ళు ముగ్గురూ పోయారు, పోవాలి కదా, మంచి పని చేశారు. క్లాసు తలుపు పక్కకు చేరి గోడకు ఆనుకున్నాను. బొగ్గు మసితో, చెదిరిన జుట్టుతో, ఒక్కదాన్నే. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. లోపలికి నాలుగడుగులు. అవి పడటం లేదు. పుస్తకం మూసిన చప్పుడైంది. ట్యూటరు హాజరు పిలవబోతున్నాడు. పిలిచేటప్పుడు బెంచీలో ఉన్నవాళ్ళకే హాజరు, అది ఆయన నియమం.

అప్పుడు వినిపించింది ఒక గొంతు.

"సార్, ఒక సందేహం."

ఇంగ్లీషులో. దీర్ఘాలు తీసే ఆ గొంతు నాకు తెలిసినదే. ఆ క్లాసులో అది అంతకు ముందు ఇంగ్లీషులో వినిపించింది ఒక్కసారే.

ఆ రోజు పాఠం విజయనగర రాజులు పెనుకొండ నుంచి చంద్రగిరికి రాజధాని మార్చడం గురించి. రాజు వచ్చాడు సరే, ఆయనతో వచ్చిన జనానికి తిండి ఎక్కడి నుంచి వచ్చింది అని ఆమె అడిగింది. ఒక మాట పట్టుకుంటే ఇంకో మాట జారిపోతోంది. వెనక బెంచీలు ముసిముసిగా నవ్వాయి. ట్యూటరు ఏదో చెప్పాడు. మళ్ళీ రిజిస్టరు దగ్గరికి చెయ్యి పోయిందేమో, "ఇంకొకటి సార్" అంది. ఈసారి నవ్వు పైకే వచ్చింది. ఆమె ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఎవరో ఆమె గొంతును అనుకరించారు. ఆమె కూర్చోలేదు. "మూడోది సార్" అంది.

ఆమె కూర్చునేది కిటికీ పక్కన. అక్కడి నుంచి గేటు కనిపిస్తుంది. నేను జట్కా దిగడం ఆమె చూసింది. పరుగెత్తి వచ్చి తలుపు దగ్గర ఆగిపోతాననీ ఆమెకు తెలుసు, ఆ మొదటి సోమవారం గుమ్మం పట్టుకుని నిలబడ్డ నన్ను ఆమె మరిచిపోలేదు. ఆ నలభై మంది ముందు, తనకు అన్నిటికంటే భయమైన పని చేస్తూ, ఆమె వెనక్కి చూసుకుంటోంది. నా కోసం.

నేను లోపలికి నడిచాను. ఎవరేం చూశారో నాకు తెలియదు. బెంచీ చివర నా చోటులో ఆమె పుస్తకాలున్నాయి, వాటిని తీసి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. మూడో సందేహం సగంలో ఉంది. ఆమె అక్కడే ఆపేసి, "అర్థమైంది సార్, థాంక్యూ" అని కూర్చుంది. ట్యూటరు ఇంకా జవాబు చెప్పనే లేదు. ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు, రిజిస్టరు తెరిచాడు. నా నంబరు పిలిచినప్పుడు నేను పలికాను.

మేము నలుగురం పరీక్ష రాశాం, నలుగురం పట్టా పుచ్చుకున్నాం. నేను తర్వాత చాలా ఏళ్ళు ఒక బడి నడిపాను. నడపడం మీకెవరు నేర్పారని అడిగినవాళ్ళకు కాలేజీలో నేర్చుకున్నానని చెప్పేదాన్ని, అంతకంటే వివరంగా చెప్పేదాన్ని కాదు.

నేను ఆలస్యంగా వచ్చిన ఆ సోమవారం సాయంత్రం ఆమెను రైలెక్కించడానికి స్టేషనుకు పోయాను. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక ఆమె చెయ్యి పట్టుకుని, వాళ్ళు అట్లా నవ్వుతుంటే నీకెట్లా ఉందే అని అడిగాను.

"నవ్వనీలే అక్కా" అంది. "వాళ్ళు నవ్వినంత సేపూ ఆయన రిజిస్టరు తెరవలేదు కదా."